క్యాలెండరు తాళపుచెవి యెవరిచేత నుండవలెను?

ఒక ఆఫీసులోని యుద్యోగులలో నెవరు తమ క్యాలెండరును బయటి కంపెనీవారి యాపునకు చూపవచ్చును, ఎవరు చూపరాదు అను ప్రశ్న వినుటకు మిక్కిలి యల్పముగా దోచును. ఇంతకంటె గొప్ప ప్రశ్నలు లోకమున ననేకములు గలవు. కాని యీ చిన్న ప్రశ్ననే నేను కొన్ని సంవత్సరములుగా దాదాపు ప్రతిదినమును విచారింపవలసి వచ్చుచున్నది. హైదరాబాదులో సుమారు 400 మంది పనిచేయు నొక సంస్థలో లాగిన్‌లు, పాస్‌వర్డులు, అనుమతులు మొదలగువానిని కనిపెట్టియుండు విభాగము నాది. ఎవరికే యాపు తెఱవవలెనో, ఎవరికి మూయవలెనో నిర్ణయించు మీటలు నా చేతిక్రింద నున్నవి. "అది కూడ నొక యుద్యోగమేనా?" యని మా బంధువులు నవ్వుదురు. నవ్వవచ్చును. అయినను ఆ మీట వెనుకనున్న సంగతి ప్రతి గృహమునకు సంబంధించినదే యని నాకు దోచుటచేత నిచ్చట వ్రాయ సాహసించుచున్నాను.

మా యింట వంటగది తలుపు ప్రక్క మా అత్తగారి క్యాలెండరు వ్రేలాడుచుండును. తిథి వార నక్షత్రములు, వర్జ్యము, రాహుకాలము అచ్చువేసినవారివి. తక్కిన వ్రాత యంతయు నామెది. పాలు రాని దినమున నొక సున్న. గ్యాసు బండ వచ్చిన దినమున నొక గీత. చీటీ కట్టవలసిన తేదీకి చుట్టు. మామగారి రక్తపరీక్షకు 'ర' యను నక్షరము. పనిమనిషి తీసికొనిన బదులునకు అంకె. ఆ కాగితమును చదువగలవాడు మా యింట నడుగుపెట్టకయే మా యింటి నంతయు చదువగలడు. ఎవరికి జబ్బో, ఎవరికి బాకీయో, ఏ దినములలో ఇంటికి తాళము వేసి యూరికి పోవుదుమో యన్నియు నందే యున్నవి. అత్తగారు దీనిని బాగుగా నెఱుగుదురు. క్రొత్తవారు వచ్చినప్పుడు ఆ పుటను పైకి మడచి, రాబోవు మాసపు తెల్లని పుటను కనబడునట్లు పెట్టుదురు. ఆమెకు సమాచార రక్షణను గూర్చి యెవరును శిక్షణ మిచ్చియుండలేదు.

ఆఫీసు క్యాలెండరు ఇట్టిదే. అయితే 400 వంటగదుల కాగితములను దారముతో కుట్టి యొక్కచోట నుంచినట్టిది. అందు ప్రతి గడిలోను సమావేశము పేరుండును, చోటుండును, రావలసినవారి పేర్లును ఈమెయిలు చిరునామాలును ఉండును. దూరమునుండి కలియువారికి లోనికి వచ్చు లింకుండును. క్రింద నెవరో వ్రాసిపెట్టిన నాలుగు పంక్తుల వివర ముండును. ఉత్తరము జరిగిన సంగతిని చెప్పును. క్యాలెండరు జరుగబోవు సంగతిని చెప్పును. అందుచేతనే దీనికి వెల యెక్కువ. ఒక గుమాస్తా పేరు, అతని పై యధికారి పేరు, హెచ్.ఆర్. వారి పేరు, సంస్థ న్యాయవాది పేరు శుక్రవారము సాయంకాలము ఐదు గంటల గడిలో నొక్కచోట కనబడినచో, ఆ గుమాస్తాకు సోమవారమునుండి పని యుండదని వేఱొకరు చెప్పనక్కఱలేదు. అతనికి మాత్రము ఆ సంగతి యింకను తెలియదు. ఒక యువతి క్యాలెండరులో మంగళవారము ఉదయము 'డాక్టరు' అను మాట నెలకు రెండుమాఱులు వచ్చుచున్నచో, ఆమె తల్లితోనైన చెప్పుకొనని మాట పరాయివారి సర్వరు చదువుచున్నదన్న మాట. ఒక కొనుగోలుదారు పేరు మా ధరల విభాగముతో నొక వారములో మూడుమాఱులు కనబడినచో, బేరము కుదరబోవుచున్నదని పోటీదారు గ్రహించును.

అట్లని యీ యాపులు చెడ్డవని నేననను. వానిని కోరువారు తెలివితక్కువవారును గారు. మన ఖాళీ గంటలను చూపి యెదుటివారినే యొక గంట నెన్నుకొండని చెప్పు యాపు, 'రేపు పదింటికి వీలగునా', 'కాదు, ఎల్లుండి' యను పది యుత్తరములను తప్పించును. ఇంటి పనులను ఆఫీసు పనులను ఒక్క తెఱమీద చూపు యాపు, రెండు బాధ్యతలను మోయువారికి నిజముగా నూఱట. కాలమును పొదుపుచేయు సాధనమును పనివారి చేతినుండి లాగికొనుట సులభము. లాగికొనినవాడు ఆ కాలమును తిరిగి యీయలేడు.

ఈ యాపులు మన క్యాలెండరు లోనికెట్లు వచ్చునో కొంచెము చెప్పవలెను. పూర్వము వానికి మన పాస్‌వర్డునే యిచ్చెడివారము. అది పాలవానికి వీధితలుపు తాళపుచెవి నిచ్చుటవంటిది. 2012వ సంవత్సరము అక్టోబరులో 'ఓఆత్ 2.0' అను పద్ధతి ప్రమాణముగా వెలువడినది. దీనిలో పాస్‌వర్డు చెప్పనక్కఱలేదు. గూగుల్‌వారో మైక్రోసాఫ్టువారో ఒక పుటను చూపి, ఈ యాపు మీ యందలి యిన్ని వస్తువులను చూడగోరుచున్నది, సమ్మతమా యని యడుగుదురు. మనము సమ్మతించితిమా, ఆ యాపునకు టోకెను అను నొక గుర్తుబిళ్ల లభించును. ఆ బిళ్లను చూపి అది మనము నిద్రించుచున్న వేళను గూడ లోనికి వచ్చి పోవుచుండును. పాస్‌వర్డు మార్చినంత మాత్రమున నా బిళ్ల చెల్లకపోవునని నమ్మరాదు. చాల సందర్భములలో చెల్లుచునే యుండును. దానిని ప్రత్యేకముగా రద్దుచేయవలెను. ఈ సంగతి నెఱిగిన యుద్యోగులు మా సంస్థలో పదిమంది యుందురో లేదో.

ఆ సమ్మతి పుటలోని యొక్క వాక్యమును చదువరుల ముందుంచెదను. గూగుల్ క్యాలెండరుపై పూర్తి యధికారము నడుగు యాపు వచ్చినప్పుడు అచ్చట కనబడు మాటల తాత్పర్యమిది: మీరు చూడగల క్యాలెండరులన్నిటిని ఇది చూచును, మార్చును, పంచిపెట్టును, శాశ్వతముగా తుడిచివేయును. 'మీ క్యాలెండరును' అని గాదు, 'మీరు చూడగల క్యాలెండరులన్నిటిని' అని. ఒక విభాగాధిపతి తన క్రింది నలువదిమంది క్యాలెండరులను చూడగలడు. ఒక కార్యదర్శిని తన యజమాని దినచర్య నంతయు చూడగలదు, మార్చగలదు. వారు ఫోనుమీద వ్రేలితో నొక్కసారి తట్టినచో, సమ్మతించినది ఒక్కరు. తెఱచుకొనిన తలుపులు నలువది. ఆ నలువదిమందిలో నెవ్వరును అడుగబడలేదు. పోనీ, ఎవరి క్యాలెండరును చూడలేని క్రింది యుద్యోగి యనుకొందము. అతని గడులలో గూడ ఇతరుల పేర్లున్నవి, ఇతరులు వ్రాసిన వివరములున్నవి. సమావేశ మనగా కనీస మిద్దఱుండవలెను గదా. కావున క్యాలెండరు ఎంతటి స్వంతవస్తువైనను అందు సగము పరులది. 'నా క్యాలెండరు, నా యిష్టము' అను వాదమును నేను పూర్తిగా నంగీకరింపలేకపోవుటకు కారణమిదే. నాకు వ్యక్తిస్వాతంత్ర్యము ప్రియము. కాని యొక యుత్తరముల కట్టను పరాయివాని కిచ్చుటకు దానిని మోయువాని సమ్మతి చాలదు. వ్రాసినవారి మాటయు గలదు.

ఈ భయము కల్పితము గాదు. 2014 డిసెంబరులో మైక్రోసాఫ్టువారు అకాంప్లి యను చిన్న కంపెనీని కొనిరి. దాని యాపునే 2015 జనవరిలో ఔట్‌లుక్ అను పేరుతో ఫోనుల కందించిరి. ఉత్తరములు, క్యాలెండరు ఒక్కచోట చూపు సొగసైన యాపది. మఱుసటి మాసముననే ఐరోపా పార్లమెంటువారు తమ సభ్యులకు దానిని అడ్డగించిరి. పాస్‌వర్డులును ఉత్తరములును తమ యధీనములో లేని సర్వరులపై నిలువయుండునని వారి శంక. మైక్రోసాఫ్టంత పేరుగల కంపెనీ విషయముననే శాసనకర్తలు జంకిరి. 2017 మే 3వ తేదీన జరిగినది మఱింత చిత్రము. ఎవరో 'గూగుల్ డాక్స్' అను పేరే పెట్టుకొనిన నకిలీ యాపును సృష్టించి, పరిచయస్థులు పంపినట్లుగా జనులకు లింకులు పంపిరి. లింకు నొక్కినవారికి కనబడిన సమ్మతి పుట నకిలీది గాదు, గూగుల్‌వారిదే. ఆ యాపు ఎవరి పాస్‌వర్డును దొంగిలింపలేదు. ఉత్తరములను, చిరునామాలను చూచెదనని మర్యాదగా నడిగినది. జనులు మర్యాదగా నిచ్చిరి. గూగుల్‌వారు సుమారొక గంటలో దాని నాపిరి. తమ వాడుకరులలో వేయింట నొక్కరికంటె తక్కువమందికే తగిలినదనిరి. గూగుల్ వాడుకరులలో వేయింట నొక్కరనినను ఎంతమందో చదువరులే లెక్కించుకొనగలరు.

ఇంకొక విధమైన ప్రమాదము గలదు. దీనిలో దొంగ లేడు. సన్‌రైజ్ అను క్యాలెండరు యాపును జను లెంతయో మెచ్చుకొనుచుండిరి. 2015లో దానిని మైక్రోసాఫ్టువారు కొని, 2016లో మూసివేసిరి. ఒక యాపును మన దినచర్యకు వెన్నెముకగా చేసికొనిన పిమ్మట అది యెవరి చేతికి పోవునో, ఎప్పుడు మూతపడునో మన చేతిలో లేదు.

ఇక మా మీటల సంగతి. గూగుల్‌వారి ఏర్పాటులో సంస్థ నిర్వాహకుడు ప్రతి బయటి యాపును నమ్మినదిగనో, కొంతవఱకే చొరనిచ్చినదిగనో, నిషేధించినదిగనో నిర్ణయింపవచ్చును. ఆ నిర్ణయము విభాగమునకొక తీరుగ నుండవచ్చును. మైక్రోసాఫ్టువారి ఏర్పాటులో ఉద్యోగులు స్వయముగా సమ్మతించు నధికారమును తీసివేసి, కావలసినవారు అర్జీ పెట్టుకొనునట్లు చేయవచ్చును. ఇందొక మెలిక గలదు. నిర్వాహకుడు సంస్థ యంతటి పక్షమున నొక యాపునకు సమ్మతి తెలిపినచో, పేరు పట్టికలో నున్నవారికే ప్రవేశమను వేఱొక మీటను గూడ వేయనియెడల, ఆ తలుపు పదిమందికి గాక అందఱికి తెఱచుకొనును. పట్టికలో ఒక గుంపు నుంచి, ఆ గుంపులో నింకొక గుంపు నుంచినచో, లోపలి గుంపువారికి ప్రవేశము దొరకదు. ఈ రెండు సంగతులు తెలియక తలుపు తీసి మూసితిమనుకొను నిర్వాహకులు, మూసి తీసితిమనుకొను నిర్వాహకులు ఇరుతెగలవారును గలరు.

మఱియు నీ మీటలకు లొంగని దొడ్డిదారి యొకటి గలదు. గూగుల్ క్యాలెండరులో ప్రతివారికి నొక రహస్యపు చిరునామా యుండును. ఆ పొడుగాటి లింకును ఏ యాపులో నతికించినను క్యాలెండరు కనబడును. లాగిన్ అక్కఱలేదు, సమ్మతి పుట అక్కఱలేదు. లింకు చేజిక్కినవాడే యధికారి. వీధితలుపునకు మూడు తాళములు వేసి దొడ్డితలుపు గడియ మఱచిన యింటివారివలె, యాపులను నిషేధించి యీ లింకును మఱచిన సంస్థ లుండును. బయటివారికి క్యాలెండరు నెంతవఱకు పంచవచ్చునను నియమము వేఱుగ నున్నది. దానిని గూడ సవరింపవలెను.

యంత్రము సంగతి యింతటితో చాలును. అసలు చిక్కు యంత్రములో లేదు. పట్టికలో నెవరి పేరుండవలెనను చోట నున్నది.

నేనీ పనికి వచ్చునాటికి మా సంస్థలో నొక నియమము చెల్లుచుండెను. మేనేజరు మొదలుకొని పైవారందఱు ఏ క్యాలెండరు యాపునైనను వాడవచ్చును, క్రిందివారు వాడరాదు. ఎందుకని యడిగితిని. పైవారు బాధ్యత నెఱిగినవారు గదా యని బదులు వచ్చినది. బాధ్యత సంగతి యట్లుండనిండు. ప్రమాదపు లెక్క చూడుడు. ఎవరి క్యాలెండరులో ధరల మంతనములు, ఉద్వాసనలు, వ్యాజ్యములు నుండునో, ఎవరు నలువదిమంది దినచర్యలను చూడగలరో, వారికే అడ్డులేదు. ఎవరి క్యాలెండరులో మధ్యాహ్నపు తనిఖీ, టీ వేళ తప్ప మఱేమియు లేదో, వారికి మూడు తాళములు. ధాన్యపు కొట్టు తలుపు తీసిపెట్టి, పిడకల గూడునకు కాపలా పెట్టినట్లున్నది. ఒక పెద్ద యుద్యోగి ఖాతాలో మూడు యాపులు సమ్మతి పొందియుండెను. అందొకటి విమానపు టికెట్లను సమకూర్చునది, ఒకటి ఖాళీ గంటలను పంచునది, మూడవది యేమిటో ఆయనకే జ్ఞాపకము లేదు. ఆ మూడవది నాటికిని ప్రతి గంటకు వచ్చి పోవుచునే యుండెను.

మఱి పని యెవరికున్నది? ఉద్యోగార్థులను పిలిచి పరీక్షించు విభాగములో నిద్దఱు చిన్న జీతగాండ్రుండిరి. వరంగల్లునుండి, గుంటూరునుండి, బెంగళూరునుండి వచ్చు నభ్యర్థులకు వేళలు కుదుర్చుట వారి పని. ఖాళీ గంటలను చూపు యాపు ఎవరికైన నక్కఱయున్నచో వారికే. వారు మేనేజర్లు గారు గనుక వారికి లేదు. దినమంతయు ఫోను చెవిని పెట్టుకొని, 'పదునొకండున్నరకా, మూడింటికా' యని యడుగుచు గొంతు పోగొట్టుకొనుచుండిరి. మన దేశమున హోదా యను పదార్థము దేనికైన నంటుకొనును. కుర్చీ కంటుకొనినది, గ్లాసు కంటుకొనినది, లిఫ్టు కంటుకొనినది. ఇప్పుడు యాపును గూడ నొక పల్లకి చేసితిమి. పని చూచి యీయవలెనని నేననినప్పుడు, తమ పేరు తీసివేయుదురేమో యని కోపించినవారిలో సగముమంది ఆ యాపును ఒక్కదినమైన తెఱచి చూచినవారు గారు.

ఇంకొక సంగతి చెప్పవలెను. నా యభిప్రాయము గట్టిపడినది దీనివలననే. మా లెక్కల విభాగములో నొక యుద్యోగిని గలదు. భర్త విశాఖపట్టణమున షిఫ్టులలో పనిచేయును. మామగారికి వారమునకు మూడుమాఱులు డయాలిసిస్. పిల్లవాడు రెండవ తరగతి. పెద్దాయనను ఆస్పత్రికి తీసికొనిపోవు వంతు ఒకనాడు ఆమెది, ఒకనాడు మఱదిది, భర్త వచ్చిన వారమున భర్తది. ఈ మువ్వురు తమ వంతులు కలిపికొనుటకు ఫోనులలో నొక కుటుంబ క్యాలెండరు యాపును వాడుచుండిరి. ఆఫీసులో తనకే గంటలు తీరిక యుండునో తక్కిన యిద్దఱికి తెలియుటకై, ఆ యాపును ఆఫీసు క్యాలెండరుతో కలుపనిండని ఆమె అర్జీ పెట్టుకొనెను. నాకు పూర్వమే దానికి బదులు వచ్చియుండెను: నియమము ప్రకారము వీలుపడదు. కారణము లేదు, మఱియొక దారి చూపుట లేదు, ఎందుకు కావలెనను ప్రశ్నయైన లేదు.

రెండేండ్ల పిమ్మట పాత యర్జీలను తిరుగవేయుచు నేనామెను పిలిచి, ఇప్పుడెట్లు గడపుచున్నారని యడిగితిని. ఆమె దాచలేదు. ప్రతి యాదివారము రాత్రి ల్యాప్‌టాపు తెఱమీద రాబోవు వారమంతటిని తెఱచి, ఫోనుతో ఫోటో తీసి, వాట్సాపులో భర్తకును మఱదికిని పంపుచున్నదట. "యాపు కలుపవద్దన్నారు గాని, మేడమ్, ఫోటో తీయవద్దనలేదు గదా!" యని నిష్కపటముగా ననెను. ఒక ఫోటోను చూపెను. ఏడు దినముల సమావేశముల పేర్లు, వచ్చువారి పేర్లు, ఏ సరఫరాదారున కెప్పుడు చెల్లింపవలెనో ఆ వివరములు, తన విభాగములోనే యొకరిపై జరుగుచున్న విచారణ వేళ, అన్నియు స్పష్టముగా గనబడుచున్నవి. అట్టివి రెండేండ్లకు నూటికి పైగా. అవి యామె ఫోనులో, భర్త ఫోనులో, మఱది ఫోనులో, బహుశః వారి వారి నకళ్ల నిలువలలో నున్నవి. యాపు నిషేధము ఫలించినది గదా యని పట్టికను చూచి సంతోషించినవారికి ఈ ఫోటోలు కనబడవు.

ఆమెకు కావలసినదేమి? సమావేశముల పేర్లు గావు, మనుష్యుల పేర్లు గావు. మంగళవారము రెండు గంటలకు తాను బయలుదేరగలదో లేదో మఱదికి తెలియుటయే. దీనికి బయటి యాపుతో పనియే లేదు. క్యాలెండరును పంచుకొనుటలో, పేర్లు వివరములు దాచి తీరికయో పనియో మాత్రమే చూపు మెట్టొకటి గలదు. ఆ మెట్టువఱకు మాత్రము ఆమె యింటి ఖాతాకు పంచనిచ్చితిమి. మఱదికి ఇప్పుడు కనబడునవి రంగు వేసిన గడులు, వేయని గడులు. పది నిమిషములు పట్టినది. రెండేండ్లు వారు వెదకినవి ఖాళీ గంటలు. మేము దాచినవియు నవే. ఫోటోల నన్నిటిని తుడిచివేయుమని చెప్పితిని; తుడిచివేసితినని చెప్పెను. మఱది ఫోనులోనివి తుడిచినాడో లేదో నేనడుగలేదు. అడుగుట నా యధికారము గాదు.

ఈ 'అధికారము' అను మాట దగ్గఱ కొంచెము నిలువవలెను. మన యిండ్లలో కోడండ్రకు పుట్టింటినుండి వచ్చిన యుత్తరములను పెద్దలు విప్పి చదివి యిచ్చెడి కాలము మన పెద్దవారిలో చాలమందికి జ్ఞాపకమున్నది. ఎందుకని యడిగినచో, మీ మేలుకొఱకే, ఇంటి గౌరవముకొఱకే యనెడివారు. సంస్థలును నేడు అదే మాట యనుచున్నవి. అందుచేత క్యాలెండరు కాపలాను సమర్థించు నావంటివారు తాము కావలివారో, ఉత్తరములు విప్పు నత్తమామలో తేల్చుకొనవలెను. తలుపునకు తాళము వేయుట వేఱు. తాళము వేయు నెపమున లోనికి పోయి పెట్టెలు వెదకుట వేఱు. ఏ యాపు ఎవరి ఖాతాలోనికి వచ్చుచున్నదో నాకు తెలియుట న్యాయము. వారి గడులలో నేమున్నదో తెలియుట న్యాయము గాదు. నిర్వాహకుని కొన్ని ఏర్పాటులలో ఆ రెండవ యధికారము గూడ లభించును. మా విభాగములో దానిని వాడుటకు ఇద్దఱి వ్రాతపూర్వకమైన సమ్మతి యుండవలెననియు, వాడిన ప్రతిసారి సంబంధించిన యుద్యోగికి తెలుపవలెననియు పట్టుబట్టి నియమము చేయించితిని. తెలుపవలెనను భాగమునకే యెక్కువ వాదము జరిగినది.

2017 ఆగష్టు 24వ తేదీన సుప్రీముకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు, పుట్టస్వామిగారి వ్యాజ్యములో, ఆంతరంగికత మన ప్రాథమికహక్కులలోనిదని తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తుల డిజిటల్ సమాచారమును గూర్చి చట్టము వచ్చినది. దాని విధులు విడతలుగ నమలునకు వచ్చునట్లు 2025 నవంబరులో నియమములు ప్రకటింపబడినవి. సమాచారమును సేకరించు సంస్థ తన పక్షమున పనిచేయు బయటివారి చేతలకు గూడ తానే బాధ్యత వహింపవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. అది బయటి యాపువారి తప్పు, మాది గాదు అను బదులు ఇక చెల్లదన్న మాట. ఈ కారణము చెప్పిన తరువాతనే మా పెద్దలు పట్టికను మార్చుట కొప్పుకొనిరి. గుమాస్తాల గొంతునొప్పి కదలింపలేని పనిని చట్టము కదలించినది, దానికిని సంతోషమే.

ఇప్పుడు మా పట్టికలో హోదా లేదు. యాపు కోరినవారు తమ పనిలో దేనికి కావలెనో రెండు పంక్తులు వ్రాయవలెను. ఆ యాపు ఖాళీ గంటలను మాత్రమే చూచునా, అన్నిటిని చూచునా, మార్చునా యని మేము చూతుము. తక్కువతో పని జరుగునప్పుడు ఎక్కువ నీయము. ఇతరుల క్యాలెండరులను చూడగలవారికి అనుమతి తేలికగా దొరకదు. అందుచేత పెద్ద యుద్యోగులకే యిప్పుడు కష్టము. అనుమతి ఆఱు నెలలవఱకు. తిరిగి కోరనిచో బిళ్ల రద్దగును. పేర్లు అందఱు చూడదగిన చోట నున్నవి. వలదనినప్పుడు కారణమును, వేఱొక దారి యున్నచో ఆ దారిని వ్రాయవలెను. ఉద్యోగార్థుల విభాగపు టిద్దఱికిని ఖాళీ గంటల యాపు దొరకినది. మూడు యాపులుగల పెద్దమనుష్యునికి ఒకటి మిగిలినది. ఆయన నాతో నొక నెల మాటాడలేదు, తరువాత టికెట్ల యాపు పనిచేయుట లేదని తానే వచ్చి మాటాడెను.

తెగని చిక్కులింకను గలవు. సమావేశములలోని మాటలను తామే వ్రాసికొను యాపులు ఇటీవల ప్రబలినవి. అవి మొదట క్యాలెండరునకు అనుమతి యడుగును. అది యిచ్చితిమా, గడిలోని లింకును పట్టుకొని పిలువని పేరంటమునకు వచ్చినట్లు సమావేశమున తామును వచ్చి కూర్చుండును. ఒకరు కోరి తెచ్చికొనినది పదిమంది మాటలను వ్రాసికొనుచుండును. క్యాలెండరు తలుపునకు పెట్టిన నియమము దీనికి చాలదని నాకు తెలియును. ప్రస్తుతమునకు ఇట్టివాని నన్నిటిని నిలిపియుంచితిమి. వినికిడి తక్కువైన యొక యుద్యోగి మాత్రము తనకది చెవివంటిదని వ్రాసెను. ఆయనకు వెంటనే యిచ్చితిమి. ఆయన వచ్చు సమావేశములలో ముందుగా నందఱికి చెప్పుచున్నారు.

ఇన్ని చేసినను మొన్న నొక సాయంకాలము గేటు దగ్గఱ ఆటోకొఱకు నిలిచియుండగా, కాపలావారి బల్లమీద నొక కాగితము కంటబడినది. డ్రైవర్లకును కాపలావారికిని సంస్థ లాగిన్‌లు లేవు. అందుచేత మఱునాడు ఎవరెవరు వచ్చుచున్నారో, ఎన్నింటికో, ఎవరిని చూచుటకో, ఏ కారులోనో క్యాలెండరునుండి దింపి, ప్రతి సాయంకాలము అచ్చువేసి యచ్చట నంటించుచున్నారట. మా మార్కెటింగు విభాగమునకు వచ్చు వారి పేర్లతో పాటు, హెచ్.ఆర్. వారిని పదింటికి కలియవలసిన న్యాయవాదిగారి పేరును అందున్నది. వచ్చిపోవువారందఱు దాని ప్రక్కనే నిలిచి సంతకము చేయుచున్నారు. ఈ యేర్పాటు ఎన్నాళ్లనుండి యని కాపలాదారు నడిగితిని. "మొదటినుంచి ఇంతే, మేడమ్" అనెను. వచ్చు సోమవారము ఆ కాగితము సంగతి మాటాడుటకు పరిపాలనవిభాగమువారితో గంటసేపు సమావేశము పెట్టుకొంటిని.